కజ్జికాయంత తాళంచెవి

పుస్తకాల మీద విమర్శలు రాయమంటే రాశాను. సినిమాల మీద రాశాను. ఓసారి పెళ్ళి భోజనాల మీద కూడా రాసి ఇద్దరు దగ్గరి బంధువులతో మాటలు పోగొట్టుకున్నాను. కారు తాళంచెవి మీద విమర్శ రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

నవ్వకండి. ఏ పుస్తకాన్ని నేను రోజుకి పదిసార్లు చేతిలోకి తీసుకుంటున్నాను గనక? ఏ నవల కనబడకపోతే బజారు నడిమధ్య నిలబడి, సంచీలో కూరగాయలన్నీ ఎవరి అరుగుమీదో బోర్లించి వెతుక్కుంటున్నాను? నిత్యం చేతిలో మెలిగే వస్తువు మంచీ చెడూ చెప్పుకోకుండా, ఎప్పుడో ఒకసారి చదివి అటకెక్కించే పుస్తకాల మీద మాత్రం పేజీలు నింపడం ఏం న్యాయం?

ముందు ఆ వస్తువు ఎలా వుంటుందో చెబుతాను. నల్లగా, నున్నగా, నడుమ ఉబ్బి, అంచుల దగ్గర సన్నగిల్లి, అచ్చం కజ్జికాయలా వుంటుంది. కజ్జికాయ లోపలైనా కొబ్బరీ బెల్లం వుంటాయి. దీని లోపల ఏముందో నాకు చాలాకాలం తెలియలేదు. పైన మూడు మీటలు. ఒకదాని మీద మూసిన తాళంకప్ప బొమ్మ. రెండోదాని మీద తెరిచిన తాళంకప్ప బొమ్మ. రెండింటికీ వున్న తేడా అల్లా ఆ కొక్కెం కాస్త ఎడంగా వుండడమే. చత్వారం మొదలైన నా బోటి దానికి, సాయంత్రం ఆరు దాటాక, వీధిదీపం కింద ఆ ఎడం కనిపెట్టడమంటే పరీక్ష రాసినట్టే. మూడో మీట డిక్కీది. దాని సంగతి తర్వాత చెబుతాను.

గుత్తికి తగిలించుకోవడానికి చివర ఓ బెజ్జం వుంటుంది. అందులో సూదీ దారం దూరుతుందేమో గానీ రింగు దూరదు. అంచేత ఓ తోలు తొడుగు కొనాలి. ఆ తొడుగుకి రింగు, రింగుకి ఎవరో తిరుపతి నుంచి తెచ్చిచ్చిన బిళ్ళ, ఇంకెవరో అమెరికా నుంచి తెచ్చిన పాలపీక లాంటి బొమ్మ. అన్నీ కలిపితే కజ్జికాయ కాస్తా కొబ్బరికాయవుతుంది.

ఇంతకీ తమాషా ఏమిటంటే, మాకు ఆ కారుని ‘తాళంచెవి అక్కర్లేని కారు’ అని చెప్పి అమ్మారు! షోరూములో ఆ కుర్రాడు ఎంత మురిపెంగా చెప్పాడనుకున్నారు! “మేడమ్, మీరు తాళం తియ్యక్కర్లేదు, పెట్టక్కర్లేదు, తిప్పక్కర్లేదు. మీ దగ్గరుంటే చాలు. తలుపు పట్టుకుంటే తెరుచుకుంటుంది. మీట నొక్కితే స్టార్టవుతుంది.”

మీ దగ్గరుంటే చాలు. బాగానే వుంది. దగ్గరంటే ఎక్కడ?

ఆ కుర్రాడి దృష్టిలో దగ్గరంటే పంట్లాం జేబు. కజ్జికాయని తయారుచేసిన ఇంజనీర్ల దృష్టిలోనూ అంతే అయివుంటుంది. నేను కట్టేది చీర. చీరలో వస్తువు పెట్టుకోవడానికి మన వాళ్ళు ఎప్పుడో రెండు చోట్లు కనిపెట్టారు. రొండిన దోపుకోవడం ఒకటి, కొంగున ముడేసుకోవడం ఒకటి. చిల్లర, వక్కపొడి, ఉత్తరాలు, తాళాలు, ఒక్కోసారి కన్నీళ్ళు తుడుచుకున్న రుమాలు, అన్నీ అక్కడే ఇమిడాయి. ఈ కజ్జికాయ మాత్రం ఇమడలేదు. మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో ఓసారి రొండిన దోపి చూశాను. నున్నటి వస్తువు, పట్టుచీర. విస్తరి ముందు కూర్చోగానే మెల్లగా జారి లంగాబొందు దగ్గర చిక్కుకుంది. అక్కడ డిక్కీ మీట నొక్కుకుపోయిన సంగతి నాకేం తెలుసు? పప్పు వడ్డిస్తూండగా ఓ కుర్రాడు పరిగెత్తుకొచ్చి, “తెల్లకారు ఎవరిదండీ, డిక్కీ తెరుచుకుని ఆకాశంలోకి చూస్తోంది” అని కేక వేశాడు. అందులో పెళ్ళివారి స్వీటు డబ్బాలున్నాయి. పంక్తి మధ్యలో లేచి లంగాబొందు దగ్గర తడుముకోవడం ఎంత మర్యాదగా వుంటుందో మీకు చెప్పక్కర్లేదు.

పోనీ పంజాబీ డ్రస్సు వేసుకో అంటారు. దానికి మాత్రం జేబెక్కడుంది? మా దర్జీని పక్కజేబు పెట్టమంటే, “ఫాలింగు పోతుందమ్మా” అంటాడు. ఆడదాని బట్ట జారడం చూసుకుంటారు గానీ, దాని వస్తువులు జారిపోవడం ఎవరూ చూసుకోరు. ఈ జబ్బు మనకొక్కరికే కాదు లెండి. ఇంగ్లండులో పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో ఆడవాళ్ళు పావడా కింద నడుముకి గుడ్డ జేబులు కట్టుకునేవారు. గౌనుకి పక్కన చీలిక వుండేది, అందులోంచి చెయ్యి దూర్చి తీసుకునేవారు. ఒక్కోటి మన కూరల సంచిలో సగం వుండేదట. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ వున్నాయి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఒంటికి అంటుకునే సన్నపాటి గౌన్లు ఫాషనయ్యేసరికి ఆ జేబులు పోయి, చేతిలో వేలాడే బుల్లి సంచులొచ్చాయి. అప్పటినుంచీ అక్కడి ఆడవాళ్ళకీ ఒక చెయ్యి ఖాళీ లేదు.

మా నాయనమ్మకి మాత్రం రెండు చేతులూ ఖాళీగానే వుండేవి. ఆవిడ నడుముకి వెండి కొక్కెం, దానికి గొలుసు, గొలుసుకి తాళాల గుత్తి. భోషాణం, కొట్టుగది, పచ్చళ్ళ గది, బీరువా, వీధి తలుపు, అన్నిటివీ అందులో వుండేవి. మా కజ్జికాయ కంటే నాలుగింతల బరువు. ఆవిడ నడిచొస్తుంటే గుత్తి చప్పుడికి మేం బెల్లం డబ్బా మూత పెట్టేసేవాళ్ళం. ఆ బరువు వల్ల నడుం నొప్పి పుడుతోందని ఆవిడ ఒక్కనాడూ అనలేదు. ఆ గుత్తి బరువు కాదు, హోదా. ఇంగ్లండులోనూ ఇల్లు చూసుకునే ఆడవాళ్ళు ఇలాంటి కొక్కేన్నే నడుముకి తగిలించుకుని, దానికి తాళాలూ కత్తెరా వేలాడదీసేవారు. బెంగాలీ ఇల్లాళ్ళయితే గుత్తిని కొంగుకి కట్టి భుజం మీదుగా వెనక్కి వేసుకునేవారు. ఎక్కడైనా ఒకటే లెక్క. తాళాలు ఎవరి దగ్గరుంటే ఇల్లు వాళ్ళది.

నాయనమ్మ మంచం పట్టాక ఆ గుత్తి విప్పి మా పెద్దమ్మ చేతిలో పెట్టింది. పెద్దకోడలు కదా. మా అమ్మ రెండో కోడలు. ఆ గుత్తి అమ్మ నడుముకి ఎప్పుడూ రాలేదు. ఆ తర్వాత మేం వేరుపడి విజయవాడ వచ్చేశాం. 1994లో నాన్న పాత మారుతి ఒకటి కొన్నారు. దాని తాళంచెవి చిటికెనవేలంత వుండేది, పల్చగా. నాన్న చొక్కా జేబులో, కలం వెనక నిలబడేది. అమ్మ ఎంత తేలిగ్గా దాన్ని రొండిన దోపుకోగలిగేదో! ఆ అవసరమే రాలేదు గానీ.

అంత చిన్న తాళంచెవి ఇంతలా ఎలా వూరిందా అని నేను కాస్త చదివాను. మొదట్లో కార్లకి ముందు హేండిలు పెట్టి తిప్పాలి. కండబలం లేనివాళ్ళు కారు జోలికి వెళ్ళడానికి లేదు, తిరగబడిందంటే మణికట్టు విరిగేది. 1912 కాడిలాక్ కారుకి కెట్టరింగ్ అనే ఇంజనీరు కరెంటుతో తిరిగే స్టార్టరు పెట్టాడు. అదే మనం ఇవాళ్టికీ ‘సెల్ఫ్ కొట్టు’ అంటామే, ఆ సెల్ఫు. చాలాకాలం తాళంచెవి వేరు, సెల్ఫ్ మీట వేరు. తాళం తిప్పితేనే స్టార్టయ్యే పద్ధతి 1949 క్రైస్లర్ కార్లతో వచ్చింది. అంటే మా షోరూము కుర్రాడు సరికొత్త వింతగా చూపించిన మీట నిజానికి మా ముత్తాతల కాలం నాటిదన్నమాట! 1982లో ఫ్రాన్సులో రెనో వాళ్ళు దూరం నుంచే తలుపులు తెరిచే మీటల్ని తమ ఫ్యూగో కారుతో తెచ్చారు. తొంభైల చివర్లో మెర్సిడెస్ వాళ్ళు అసలు జేబులోంచి తియ్యక్కర్లేని తాళంచెవి తెచ్చారు. ఒక్కో సుఖం వచ్చినప్పుడల్లా తాళంచెవి ఒక్కో సుత్తు లావెక్కింది.

సుఖం లేదని నేననను. విమర్శ అన్నాక మంచి కూడా చెప్పాలి. రెండు చేతుల్లోనూ సంచులు, పైన వాన. అలాంటప్పుడు తలుపు తాకగానే తెరుచుకుంటే ప్రాణం లేచొస్తుంది. దొంగల బాధా తగ్గింది. తాళంచెవి లోపల చిన్న చిప్ ఒకటి వుంటుంది. అది చెప్పే రహస్యం కారుకి నచ్చితేనే ఇంజను కదులుతుంది. బ్రిటన్‌లో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఈ ఏర్పాటు తప్పనిసరి చేశారు. వైర్లు కలిపి కారెత్తుకుపోయే సినిమా దొంగలకి అక్కడితో పని పోయింది.

మన భాష ముందుచూపు చూడండి. ఇంగ్లీషువాళ్ళకి అది కీ, అంతే. మనం దాన్ని చెవి అన్నాం. ఇన్నాళ్ళూ ఆ చెవి ఏం విన్నదో నాకు తెలియదు గానీ ఇప్పుడది నిజంగానే వింటోంది. మనం తలుపు పట్టుకోగానే కారు సన్నగా పిలుస్తుంది. మన సంచీలో వున్న చెవి ఆ పిలుపు విని, ‘ఇక్కడే వున్నాను’ అని రేడియోలో బదులు చెబుతుంది. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. ఈ సంభాషణని వీధిలోంచి పట్టుకుని, యంత్రాలతో సాగదీసి, ఇంట్లో వున్న తాళంచెవి కారు పక్కనే వున్నట్టు నమ్మించే దొంగలు ఇప్పుడు పైదేశాల్లో బయల్దేరారు. లోహపు డబ్బాలో మూత బిగించి పెడితే చాలావరకు ఆ మాటలు బయటికి రావని మావారు ఎక్కడో చదివారు. మర్నాడు పొద్దున్న గంటసేపు ఇల్లంతా గాలించాక తాళంచెవి మినప్పప్పు డబ్బాలో దొరికింది.

ఇదంతా హాస్యం. పోయిన మాఘమాసంలో జరిగింది మాత్రం నాకు హాస్యంగా లేదు.

అమ్మకి కంటి శుక్లం ఆపరేషను అయింది. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికల్లా ఆస్పత్రికి తీసుకెళ్ళి కట్టు విప్పించాలి. అదేరోజు తెల్లవారుజామున మావారికి విశాఖపట్నం రైలు. స్టేషను దాకా ఆయనే నడిపారు. దించే చోట ఆగనివ్వరు గదా, వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. ఇంజను ఆపకుండానే ఆయన దిగారు, నేనిటు వచ్చి కూర్చున్నాను. కారు ఏదో కుయ్యి కుయ్యిమంది. బెల్టు పెట్టుకోలేదని కాబోలు అనుకుని బెల్టు పెట్టుకున్నాను. అది ఆగింది. సత్యనారాయణపురంలో అమ్మ వుంటున్న సందులోకి వెళ్ళి, ఎదురింటివారి గేటుకి అడ్డంగా, ఒక్క నిమిషమే కదా అని ఆపి, మీట నొక్కి లోపలికి వెళ్ళాను.

అమ్మని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టి మళ్ళీ మీట నొక్కితే కారు కదల్లేదు. తాళంచెవి కనబడటం లేదని ఎదర అద్దం కింద అక్షరాలు. సంచీ బోర్లించాను. సీట్ల కింద చూశాను. అప్పుడు తట్టింది. ఫోను చేస్తే ఆయన, “చొక్కా జేబులోనే వుందోయ్! తాడేపల్లిగూడెం దగ్గరికొచ్చాం” అన్నారు.

ఈ కార్ల లక్షణం ఏమిటంటే, స్టార్టు చెయ్యడానికి తాళంచెవి కావాలి గానీ, నడవడానికి అక్కర్లేదు. నడుస్తున్న బండి తాళంచెవి దూరమైందని ఆగిపోతే ప్రమాదం కనక అలా పెట్టారు. సబబే. కానీ ఒకసారి ఆపామా, ఇక అంతే. మా పిన్ని కూతురు అమెరికాలో వుంటుంది. అక్కడ ఇంటికి అంటుకునే గరాజులుంటాయి. తాళంచెవి చేతిలో వుంది గదా, ఇంజను ఆపేశామనే భ్రమలో లోపలికెళ్ళి పడుకుని, రాత్రంతా చప్పుడు లేకుండా నడిచిన ఇంజను విషవాయువుతో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఆ దేశంలో వున్నారట. అది చెప్పింది, మీట పక్కన కాగితం అంటించుకున్నానని.

ఆవేళ అమ్మని ఆటోలో తీసుకెళ్ళాను. కంటికి కట్టు, పైన నల్లకళ్ళద్దాలు, దాని పైన కొంగు. ఆటో గతుకులో పడ్డప్పుడల్లా అమ్మ నా చెయ్యి పట్టుకునేది. దుమ్ము పడకూడదని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. దారి పొడుగునా బందరు కాలవ పక్కన దుమ్ము తప్ప ఇంకోటి లేదు. కారెందుకు పెట్టుకున్నామో ఆ ఒక్క పనికే అది అక్కరకి రాలేదు.

కన్ను బాగానే వుందన్నారు. అమ్మని దిగబెట్టేసరికి ఎదురింటాయన గేటు దగ్గర నిలబడి కారుని చూస్తున్నారు. ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది. కంపెనీ ఇచ్చిన రెండో తాళంచెవి ఇంట్లో వుంది, ఇప్పుడే తెస్తానని చెప్పి ఇంటికొచ్చాను.

రెండో తాళంచెవి బీరువా లాకరులో వుంది. బీరువా తాళంచెవి ఎక్కడుందో వూహించారా? కారు తాళంచెవికి తగిలించిన రింగులోనే వుంది. అదీ తాడేపల్లిగూడెం దాటిపోయింది.

మా బజారు మలుపులో చెట్టుకింద మారుతాళాలు చేసే అతను కూర్చుంటాడు. ముందు ఓ గోనెపట్టా, దానిమీద ఆకురాయీ, సుత్తీ, వంద పాత తాళంచెవుల కడియం. అతన్ని ఇంటికి తీసుకొచ్చాను. బీరువా చూసి పది నిమిషాల పనన్నాడు. పనిముట్లు తీశాడు. తీసి, నావంక చూసి, “సారు వూళ్ళో లేరామ్మా?” అన్నాడు.

“లేరు.”

“బీరువా...”

“నాదే నాయనా. మా పుట్టింటివాళ్ళు పెళ్ళికిచ్చారు.”

“అది కాదమ్మా. సారుతో ఒక్కమాట మాట్లాడించండి. రేపు మాట రాకూడదు.”

అతన్ని తప్పుపట్టలేను. పొట్టకూటికి తాళాలు తెరిచేవాడు, అతని భయాలు అతనివి. ఫోను కలిపి ఇచ్చాను. ఆయన అవతల నవ్వుతూ, “తియ్యవయ్యా, ఫరవాలేదు” అనడం నాకు వినబడింది. అప్పుడు తీశాడు. నా బీరువా. నాలుగు నవలల డబ్బు సగం పోసి కొన్న కారు తాళంచెవి అందులో వుంది.

బి.ఏ.లో మాకు ఇబ్సెన్ రాసిన ‘డాల్స్ హౌస్’ పాఠం. 1879 నాటి నాటకం. అందులో ఉత్తరాల పెట్టె తాళంచెవి మొగుడి దగ్గరే వుంటుంది. పెళ్ళాం నోరా ఆ పెట్టె చుట్టూ తిరుగుతుంది గానీ తెరవలేదు. చివర్లో ఆవిడ ఇంటి తాళాలు అక్కడ పెట్టి వెళ్ళిపోవడం మీద మా లెక్చరరుగారు వారం రోజులు చెప్పారు. పరీక్షలో నేనూ ఆరు పేజీలు రాశాను. ఉత్తరాల పెట్టె గురించి మాత్రం ఒక్క వాక్యం కూడా రాసినట్టు గుర్తులేదు.

మావారు నోరా మొగుడు కారు. నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే. లాకరులో పెట్టింది కూడా జాగ్రత్త కోసమే. షోరూము ప్లాస్టిక్ కవరులో, నంబరు చెక్కిన రేకుబిళ్ళతో సహా కొత్త పెళ్ళికూతురిలా వుంది. ఇన్నేళ్ళూ ఇద్దరం ఒకటే వాడుకుంటున్నాం. ఎవరు బయటికెళితే వాళ్ళు తీసుకుంటున్నాం అనుకునేదాన్ని. ఆలోచిస్తే, నేను బయటికెళ్ళే ముందు “తాళంచెవి ఇలా ఇస్తారా” అని అడిగేదాన్ని. ఆయన ఎప్పుడూ అడగలేదు.

తాళాల అతను వెళ్ళబోతూ కజ్జికాయని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. “మారుతి తాళమైతే ఆకురాయితో అరగంటలో చేసిచ్చేవాణ్ణమ్మా. ఇది మావల్ల కాదు, కంప్యూటరు కావాలి” అన్నాడు. నిజమే. ఇది పోతే కంపెనీ దగ్గరికే వెళ్ళాలి. ఓ మంచి పట్టుచీర ఖరీదు అడుగుతారు.

ఆటో ఎక్కి మళ్ళీ సత్యనారాయణపురం వెళ్ళాను. తలుపు పట్టుకున్నాను. తెరుచుకోలేదు. ఏళ్ళతరబడి లాకరులో కూర్చుని బ్యాటరీ చచ్చిపోయింది! మీకెప్పుడైనా పనికొస్తుందని ఇది కాస్త వివరంగా చెబుతున్నాను. కజ్జికాయ పక్కన చిన్న నొక్కు వుంటుంది, అది లాగితే లోపల్నుంచి అసలు సిసలు ఇనప తాళంచెవి వస్తుంది, నాన్న జేబులో వుండే లాంటిది. దాంతో డ్రైవరు తలుపు తెరవచ్చు. మా కారుకి ఆ బెజ్జం కూడా మూతకింద దాచారు, ఎదురింటాయనే కనిపెట్టి వూడదీశారు. తర్వాత చచ్చిన కజ్జికాయని స్టార్టు మీటకి ఆనించి నొక్కాలి. చాలా కార్లలో అంతే, కొన్నిటిలో పెట్టే చోటు వేరే వుంటుంది, పుస్తకంలో చూసుకోవాలి. లోపలి చిప్‌కి బ్యాటరీ అక్కర్లేదట, కారు దగ్గర్నుంచే శక్తి పుచ్చుకుని రహస్యం చెబుతుంది. చెప్పింది. కారు కదిలింది.

బ్యాటరీ రూపాయి బిళ్ళ లాంటిది, మీద సి.ఆర్. 2032 అని వుంటుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అని ఆ అంకెల అర్థం. మార్చాక పాతదాన్ని కిటికీలో పారెయ్యకండి. పసిపిల్లలు మింగితే గొంతు దిగక అక్కడే అంటుకుని, రెండు గంటల్లోనే లోపల కాలిపోయేంత ప్రమాదం. చచ్చిందనుకున్న బ్యాటరీలో కూడా అంత శక్తి వుంటుంది.

మావారు మర్నాడు వచ్చారు. రెండో తాళంచెవి నా సంచీలో చూసి, “నేనెప్పుడైనా వద్దన్నానా?” అన్నారు.

“అన్లేదు” అన్నాను.

“మరి?”

“మరేం లేదు. బీరువా తాళానికి మారుతాళం కూడా చేయించాను.”

ఆయన కాసేపు పేపరు చదివి, “మంచి పని చేశావు” అన్నారు.

ఇప్పుడు ఫోనే తాళంచెవిగా పనిచేసే కార్లొచ్చాయనీ, అట్టముక్కలాంటి కార్డుతో తెరుచుకునేవీ వున్నాయనీ మా అబ్బాయి చెబుతున్నాడు. కార్డు నయమే అనిపిస్తోంది, పల్చగా వుంటుంది గనక. ఫోనంటేనే భయం. దాన్ని మాత్రం ఎక్కడ పెట్టను? పైగా సాయంత్రమయ్యేసరికి అది నాకంటే ముందే సొమ్మసిల్లుతుంది. దర్జీ దగ్గరికి వెళ్ళి, ఈసారి కజ్జికాయని బల్లమీద పెట్టి, దీనికి సరిపడా జేబు పెడితేనే కుట్టు కూలీ ఇస్తానని చెప్పాను. అటూ ఇటూ టేపు పెట్టి కొలిచి, పెదవి విరిచి, ఒప్పుకున్నాడు. చీరకే ఏ మార్గమూ దొరకలేదు.

నెల తర్వాత అమ్మని కళ్ళద్దాల పరీక్షకి తీసుకెళ్ళాను. ఆస్పత్రిలో కాగితాలూ, మందుల సంచీ, అమ్మ చెయ్యి, అన్నీ పట్టుకోలేక నేను అవస్థపడుతుంటే, “ఇలా ఇవ్వవే” అని కజ్జికాయ తీసుకుంది. తొడుగూ, బిళ్ళా, బొమ్మా అన్నీ వూడదీసి నా సంచీలో పడేసింది. ఉత్త కజ్జికాయని జేబురుమాల్లో చుట్టి, ఆ రుమాలుని కొంగు చివర పెట్టి రెండు ముళ్ళు వేసి, కొంగుని నడుం చుట్టూ తిప్పి దోపింది. జారలేదు. మీటా నొక్కుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఇమ్మని అడగబోయి మానేశాను. తలుపు తెరుచుకుంది. మీట నొక్కితే కారు స్టార్టయింది.

“తాళం నా దగ్గరే వుందిగా?” అంది అమ్మ ఆశ్చర్యంగా.

“కార్లో వుంటే చాలమ్మా. ఎవరి దగ్గరున్నా ఫరవాలేదు.”

అమ్మ నడుం దగ్గర ముడిని ఓసారి తడిమి చూసుకుంది. దారిలో మాట్లాడలేదు. కొత్త కంటితో దుకాణాల బోర్డులు ఒక్కోటీ పైకి చదువుతూ కూర్చుంది. ఇంటిముందు ఆపితే, సంచీ తీసుకుని, జాగ్రత్తగా దిగి, గేటు తీసుకుని లోపలికి నడిచింది.

కారు కుయ్యి కుయ్యిమంది. ఇంజను ఆపకుండా హారన్ కొట్టాను.